రథం తాడు: ఇంజనీరింగు ఆఖరి సంవత్సరపు ఉమ్మడి ప్రాజెక్టులను గురించి

గత మే నెలలో ఒక మిత్రుని ఇంట్లో పట్టభద్రోత్సవపు విందు జరిగింది. వారి అమ్మాయి కెమికల్ ఇంజనీరింగు చదువు ముగించుకుని ఇంటికి వచ్చింది. పులిహోర, గారెలు అయిన తరువాత అమ్మాయి తల్లిగారు నన్ను పక్కకు పిలిచి, "అన్నయ్యగారూ, మీరు యూనివర్సిటీ వాళ్ళతో పనిచేస్తుంటారు కదా, ఒక్కమాట అడుగుతాను. ఆఖరి ఏడాదంతా ఇది రాత్రింబవళ్ళు కూర్చుని ఆ ప్రాజెక్టు ఒక్కతే చేసింది. నలుగురికీ ఒకే గ్రేడు ఇచ్చారు. ఇదేం న్యాయం?" అన్నారు. అమ్మాయి అక్కడే ఉంది. "వదిలెయ్ అమ్మా, అయిపోయింది కదా" అంది. నేను బయలుదేరుతుంటే కారుదాకా వచ్చి, "అంకుల్, అమ్మ చెప్పింది నిజమే. కాని వాళ్ళు చేస్తామన్నప్పుడు కూడా నేనే చెయ్యనివ్వలేదు. వాళ్ళు చేస్తే గ్రేడు పోతుందేమోనని భయమేసింది" అని చెప్పింది.

తల్లి మాట, కూతురి మాట రెండూ నిజమే. ఆ రెంటికీ మధ్యనున్న చిక్కే ఈ వ్యాసానికి విషయం.

నేను వృత్తిరీత్యా రసాయన పరిశోధకుణ్ణి, ఇంజనీరును కాను. అయితే మా సంస్థ తరఫున కొన్నేళ్ళుగా, దగ్గరలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆఖరి సంవత్సరపు విద్యార్థులకు ఒక సమస్యను ఇచ్చి, రెండు వారాలకొకసారి వారితో కూర్చునే బాధ్యత నాకు అప్పగించారు. కావున బయటివాడినే అయినా, లోపల చూసిన సంగతులు కొన్ని చెప్పగలను. ఈ సంచిక చదివే కుటుంబాలలో ఇంజనీరింగు చదివే పిల్లలున్న ఇళ్ళు ఎన్నో వేరుగా చెప్పనక్కరలేదు.

అమెరికాలో ఈ పనిని సీనియర్ డిజైన్ అనీ, కేప్‌స్టోన్ అనీ అంటారు. కేప్‌స్టోన్ అంటే కట్టడానికి చిట్టచివర పైన పెట్టే రాయి; మన మాటలో గోపురం మీది కలశం. అంతవరకూ విడివిడిగా నేర్చుకున్న ఉష్ణగతికశాస్త్రాన్నీ, ద్రవ ప్రవాహాన్నీ, రసాయన చర్యల వేగాన్నీ, ఖర్చుల లెక్కలనూ ఒకచోట చేర్చి, ముగ్గురి నుంచి ఐదుగురి వరకు ఒక జట్టుగా ఏర్పడి, ఒక సెమిస్టరో రెండో శ్రమించి, ఒక యంత్రాన్నో కర్మాగారాన్నో రూపకల్పన చేయాలి. పాఠ్యపుస్తకంలోని లెక్కకు పుస్తకం వెనుక జవాబు ఉంటుంది. దీనికి ఉండదు. సమస్య ఏమిటో కూడా మొదట స్పష్టంగా తెలియదు. పరీక్షలలో ఎన్నడూ తడబడని పిల్లలు ఇక్కడ తడబడటానికి అదే కారణం.

ఇది ఇంత పట్టుదలగా పాఠ్యక్రమంలోకి రావటం వెనుక కొంత చరిత్ర ఉంది. 1955లో గ్రింటర్ అధ్యక్షతన వెలువడిన ఒక నివేదిక ఇంజనీరింగు చదువును విజ్ఞానశాస్త్రం వైపూ, గణితం వైపూ మళ్ళించింది. ఆ మార్పు అవసరమైనదే. కాని దాని వెనుకనే, పట్టభద్రులకు సమీకరణాలు సాధించటం వచ్చును గాని వస్తువును రూపొందించటం రాదనే ఫిర్యాదు పరిశ్రమల నుంచి మొదలైంది. కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కళాశాల 1963లో ఇంజనీరింగ్ క్లినిక్ అనే పద్ధతిని ప్రారంభించింది. వైద్య విద్యార్థులు రోగుల మధ్య నేర్చుకున్నట్లే, ఇంజనీరింగు విద్యార్థులు నిజమైన సంస్థలు ఇచ్చిన నిజమైన సమస్యల మధ్య నేర్చుకోవాలన్నది వారి ఉద్దేశం. ఆ తరువాత, ఈ దేశంలో ఇంజనీరింగు చదువులకు గుర్తింపునిచ్చే ఆబెట్ సంస్థ 1997లో ఆమోదించిన కొత్త ప్రమాణాలలో, పట్టభద్రునికి ఉండవలసిన పదకొండు సామర్థ్యాలను పేర్కొంటూ, భిన్న శాఖలవారితో కూడిన జట్టులో పనిచేయగలగటాన్ని కూడా చేర్చింది. ఆ జాబితాను తరువాత ఏడుకు కుదించారు గాని జట్టుపని మాత్రం నిలిచే ఉంది. 2014లో భారతదేశం వాషింగ్టన్ ఒప్పందంలో పూర్తి సభ్యత్వం పొందింది. అక్కడి గుర్తింపు సంస్థ ప్రమాణాలలో కూడా ఈ అంశం కనిపిస్తుంది.

కాగితం మీద చేర్చటం తేలిక. నలుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టినంత మాత్రాన అది జట్టు అవుతుందా?

దీనికి సమాధానం కోసం ఇంజనీరింగు నుంచి కాస్త పక్కకు వెళ్ళాలి. ఫ్రాన్సులో వ్యవసాయ ఇంజనీరింగు ఆచార్యుడైన మాక్సిమిలియెన్ రింగెల్‌మన్ 1880ల ప్రాంతంలో మనుషుల చేత తాడు లాగించి, వారి బలాన్ని కొలిచాడు. ఫలితాలను 1913లో ప్రచురించాడు. ఒక్కడే లాగినప్పటి బలాన్ని 100 అనుకుంటే, ఇద్దరు కలిసి లాగినప్పుడు తలకు 93 వచ్చింది, ముగ్గురైతే 85, ఎనిమిది మంది కలిసేసరికి తలకు 49. అనగా ఎనిమిది మంది చేరి నలుగురి పని చేశారు. మన ఊళ్ళలో రథోత్సవం చూసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. తాడు మీద చేయి వేసినవారందరూ పుణ్యాత్ములే; రథాన్ని కదిలించేవారు ఎవరో ఆ దేవుడికే తెలియాలి.

ఎందుకిలా జరుగుతుంది? అందరూ ఒకే క్షణంలో, ఒకే దిశలో లాగలేకపోవటం ఒక కారణం. ఇది సమన్వయ లోపం. ఇందులో ఎవరి తప్పూ లేదు. రెండవది మనసుకు సంబంధించినది. ఈ రెంటినీ వేరుచేయటానికి 1974లో ఇంగమ్ తదితరులు ఒక చక్కని ఉపాయం పన్నారు. లాగే మనిషి కళ్ళకు గంతలు కట్టి, వెనుక మరికొందరు లాగుతున్నారని నమ్మించారు. నిజానికి ఎవరూ లాగటం లేదు. సమన్వయ లోపానికి అక్కడ తావే లేదు. అయినా ఆ మనిషి లాగే బలం తగ్గింది! 1979లో లాతనే, విలియమ్స్, హార్కిన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు చప్పట్లతోనూ, కేకలతోనూ ఇదే చూపించారు. రాత్రివేళ పుష్కరిణిలో తలొక కడవెడు పాలు పోయమని రాజుగారు ఆజ్ఞాపిస్తే, తెల్లవారేసరికి పుష్కరిణి నిండా నీళ్ళే ఉన్న కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయితే ఆ ముగ్గురే 1981లో చేసిన మరొక ప్రయోగం మనకు ఇంకా ముఖ్యం. ఎవరి కేక ఎంతో విడిగా కొలుస్తున్నామని చెప్పినప్పుడు, గుంపులో ఉన్నా ఎవరూ గొంతు తగ్గించలేదు. అందుచేత సోమరితనం మనిషిలో కన్నా ఏర్పాటులో ఎక్కువగా ఉందనుకోవాలి. ఎవరి కడవ ఎవరిదో కనిపించేలా చేస్తే పాలే పోస్తారు.

పని ఎగవేయటం ఒక్కటే జబ్బు అయితే మందు సులభమే. నేను చూసినంతలో ఇంతకన్నా పెద్ద జబ్బు ఇంకొకటి ఉంది. అందరూ పనిచేసి కూడా జట్టు కాకపోవటం. ఒక ఏడాది అనుభవం చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

ఆ సంవత్సరం మేమిచ్చిన సమస్య చాలా సాధారణమైనది. గంటకు వెయ్యి కిలోల చొప్పున వచ్చే ఎసిటోన్, నీరు కలిసిన ద్రవం నుంచి ఎసిటోన్‌ను స్వేదనం ద్వారా తిరిగి రాబట్టాలి. నలుగురు విద్యార్థులు మొదటి వారంలోనే పని పంచుకున్నారు: ఒకరు పదార్థాల జమాఖర్చు, ఒకరు స్వేదన స్తంభం, ఒకరు ఉష్ణ వినిమాయకాలు, ఒకరు ఖర్చులు, లాభం. నలుగురూ చురుకైనవారు, నలుగురూ చెప్పిన తేదీకి తమ భాగం పూర్తిచేశారు. డిసెంబరులో నివేదిక సమర్పించారు. లాభం చాలా బాగా కనిపించింది. అనుమానం వచ్చి వెనక్కు తిరగవేశాను. మొదటి విద్యార్థి పట్టికలో ఎసిటోన్ గంటకు 500 కిలోలు అని ఉంది. స్వేదన స్తంభం పట్టికలో 763 కిలోలు అని ఉంది. ఐదువందలు లోపలికి వెళ్ళి ఏడువందల అరవైమూడు బయటకు వచ్చే యంత్రం దొరికితే మేమందరం ఉద్యోగాలు మానుకోవచ్చు.

జరిగింది ఇది. ద్రవంలో ఎసిటోన్ 50 శాతం. అది బరువులో శాతం. రసాయనశాస్త్రం గుర్తున్నవారికి తెలుసు: ఎసిటోన్ అణుభారం 58, నీటిది 18. వంద గ్రాముల మిశ్రమంలో 50 గ్రాముల ఎసిటోన్ అంటే సుమారు 0.86 మోల్, 50 గ్రాముల నీరు అంటే 2.78 మోల్‌లు. కావున అణువుల సంఖ్యలో ఎసిటోన్ వాటా 24 శాతం మాత్రమే. స్వేదన స్తంభం లెక్కలన్నీ మోల్‌ల మీద నడుస్తాయి. మొదటి విద్యార్థి 0.5 అని రాసి పంపాడు. రెండవ విద్యార్థి దానిని మోల్ భాగంగా తీసుకున్నాడు. ఇద్దరి లెక్కలూ విడివిడిగా తప్పులేనివే. మూడవ విద్యార్థిని ఆ ప్రవాహానికి తగ్గ వినిమాయకాన్ని ఎంచింది. నాలుగవ విద్యార్థి 763ను ఎసిటోన్ ధరతో గుణించాడు. ఒకే నివేదికలో రెండు పట్టికలు ఒకదానినొకటి ఖండిస్తున్నాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినవారు నలుగురిలో ఒక్కరూ లేరు.

నా తప్పేమిటంటే, సెప్టెంబరులో వారికి రాసిన ఉత్తరంలో 50 శాతం అని రాశానే గాని, దేనిలో శాతమో రాయలేదు. మా ప్రయోగశాలలో అందరికీ తెలుసు కదా అన్న ధీమా. రెండు వారాలకొకసారి కలిసిన ప్రతిసారీ ఎవరి భాగం ఎంతవరకు వచ్చిందని విడివిడిగా అడిగాను. ఒకరి భాగాన్ని ఇంకొకరిని వివరించమని ఒక్కసారీ అడగలేదు. పనిని నాలుగు ముక్కలు చేసి, చివరి రోజున కలిపి కుట్టే ఆ అలవాటుకు నేను కూడా ఊతమిచ్చినట్లయింది.

తరగతిలో ఇటువంటి పొరపాటు నవ్వుకోవటానికి పనికివస్తుంది. బయట అలా కాదు. 2007 డిసెంబరు 19న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో టి2 లాబొరేటరీస్ అనే చిన్న కర్మాగారంలో రియాక్టర్ పేలి నలుగురు మరణించారు. 32 మంది గాయపడ్డారు. పెట్రోలులో కలిపే ఒక మాంగనీస్ పదార్థాన్ని అక్కడ తయారుచేసేవారు. అది 175వ బ్యాచ్. మొదటి అంచెలో సోడియం లోహాన్ని కరిగించి, డైగ్లైమ్ అనే ద్రావకంలో చర్యకు గురిచేస్తారు. ఆ చర్య వేడిని విడుదల చేస్తుంది. ఆ వేడిని చుట్టూ ఉన్న నీటి తొడుగు తీసివేయాలి. ఆనాడు శీతలీకరణ దెబ్బతిన్నది. దానికి బదులు ఏర్పాటు లేదు. ఉష్ణోగ్రత ఒక హద్దు దాటగానే సోడియం ద్రావకంతోనే చర్య జరపటం మొదలుపెట్టింది. ఆ రెండవ చర్య మొదటిదానికన్నా భయంకరమైనది. శీతలీకరణ పనిచేయటం లేదని గుర్తించిన పది నిమిషాలకే అంతా అయిపోయింది.

ఈ దేశపు రసాయన ప్రమాదాల పరిశోధక మండలి 2009లో ఇచ్చిన నివేదిక చదివితే నావంటివాడికి ఒళ్ళు జలదరిస్తుంది. ఆ సంస్థ యజమానులిద్దరిలో ఒకరు రసాయనశాస్త్రం, మరొకరు కెమికల్ ఇంజనీరింగు చదివినవారు. చర్య అదుపు తప్పే ప్రమాదాన్ని వారు గుర్తించలేదు. ప్రయోగశాలలో ఒక లీటరు పాత్రలో చక్కగా నడిచే చర్య పెద్ద రియాక్టర్‌లో ఎందుకు మొండికేస్తుందో చూడండి. అక్కడి రియాక్టర్ 2,450 గాలన్లది, అనగా దాదాపు 9,300 లీటర్లు. ఘనపరిమాణం 9,300 రెట్లు పెరిగితే పొడవు, వెడల్పు, ఎత్తు సుమారు 21 రెట్లు పెరుగుతాయి. వేడి బయటకు పోయే ఉపరితలం 441 రెట్లే పెరుగుతుంది. అంటే ఒక్కొక్క లీటరుకు దొరికే ఉపరితలం ఇరవై ఒకటో వంతుకు పడిపోతుంది. చర్య స్వభావం తెలిసినది రసాయనశాస్త్రజ్ఞునికి. ఉపరితలం లెక్క తెలిసినది ఇంజనీరుకు. ఒకరి ప్రశ్న మరొకరు అడగకపోతే రెండు జ్ఞానాలూ ఉండి కూడా లేనట్లే. ఆ నివేదిక ఆబెట్‌కూ, కెమికల్ ఇంజనీర్ల సంఘానికీ సిఫారసు చేసింది: చర్యలు అదుపు తప్పే ప్రమాదాలను బ్యాచిలర్ స్థాయిలోనే బోధించాలని. ఆ తరువాత కెమికల్ ఇంజనీరింగు ప్రమాణాలలో ప్రమాదాల ప్రస్తావన చేరింది. అవి బోధించటానికి డిజైన్ ప్రాజెక్టుకన్నా తగిన చోటు నాకు కనపడదు.

మరి ఏం చేయాలి? జట్టులను ఎవరు కూర్చాలన్నది మొదటి ప్రశ్న. పిల్లలకు వదిలేస్తే స్నేహితులు స్నేహితులతో చేరుతారు. మంచి మార్కులవారు ఒకచోట, మిగిలినవారు మరొకచోట. కెమికల్ ఇంజనీరింగు బోధనలో పేరెన్నికగన్న రిచర్డ్ ఫెల్డర్, బార్బరా ఓక్లీ మొదలైనవారు 2004లో ప్రచురించిన వ్యాసంలో అధ్యాపకులే కూర్చాలని గట్టిగా చెప్పారు. ముగ్గురో నలుగురో ఉండాలి. సామర్థ్యాలు కలగలిసి ఉండాలి. తరగతి బయట కలుసుకోవటానికి అందరికీ కుదిరే వేళలు ఉండాలి. ఇందులో చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది. సాయంత్రాలు ఉద్యోగం చేసే విద్యార్థి సోమరి అనే ముద్ర ఎలా వేయించుకుంటాడో చూసినవారికి అది చిన్న విషయం కాదు. జట్టులో ఒకే ఒక అమ్మాయిని వేయటం, ముఖ్యంగా తొలి సంవత్సరాలలో, మంచిది కాదని కూడా వారి సలహా. అలా వేసినప్పుడు ఆ అమ్మాయికి సమావేశాల వివరాలు రాసే పని దక్కుతుంది.

మార్కుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మిత్రుని భార్య అడిగిన ప్రశ్న అదే కదా. ఒక పద్ధతి ఇది. నివేదికకు జట్టు మొత్తానికి ఒక మార్కు వేస్తారు. తరువాత ఒక్కొక్కరూ జట్టులో అందరి పనినీ, తమ పనితో సహా, రహస్యంగా అంచనా వేస్తారు. తెలివిని కాదు, బాధ్యతను: సమావేశాలకు వచ్చాడా, ఒప్పుకున్నది చేశాడా అని. ఒకరి సగటును జట్టు సగటుతో భాగిస్తే వచ్చే గుణకంతో జట్టు మార్కును గుణిస్తారు. ఉదాహరణకు జట్టు మార్కు 88; నలుగురి సగటులు 95, 90, 85, 50 అనుకోండి. జట్టు సగటు 80. ఆఖరివాడి గుణకం 50ని 80తో భాగిస్తే 0.625, అతనికి వచ్చేది 55. మిగిలిన ముగ్గురి గుణకాలు ఒకటికన్నా ఎక్కువే అయినా, 1.05 దాటకుండా ఒక హద్దు పెడతారు. ముగ్గురికీ 92 వస్తుంది. ఆ హద్దులో గొప్ప ఇంగితం ఉంది. అది లేకపోతే మన అమ్మాయిలాగా, అందరి పనీ లాక్కుని చేసేవారికి అది బహుమానమవుతుంది.

పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మాథ్యూ ఓలండ్ బృందం రూపొందించిన కాట్‌మీ అనే సాధనాన్ని ఇప్పుడు చాలా చోట్ల వాడుతున్నారు. పనిలో పాలుపంచుకోవటం, తోటివారితో మెలగటం, జట్టును దారిలో ఉంచటం, నాణ్యతను ఆశించటం, తగిన జ్ఞానం కలిగి ఉండటం అనే ఐదు విషయాలలో అంచనా అడుగుతుంది. దీనిని సెమిస్టరు చివర ఒక్కసారి వాడితే అది శిక్ష. ఐదవ వారంలో వాడితే చికిత్స. ఇది నా అభిప్రాయం.

అయితే ఈ పద్ధతులన్నిటికీ మనవాళ్ళ దగ్గర ఒక గండం ఉంది. దాని పేరు మొహమాటం. మొదటి ఏడాది నా జట్టులో ఉన్న ఒక తెలుగు అబ్బాయి, మూడు వారాలు కనిపించని సహచరుడికి కూడా నూటికి నూరు వేశాడు. ఎందుకని అడిగితే, "వాడి గ్రేడు నా చేతుల మీదుగా పోవటం బాగుండదు సార్" అన్నాడు. ఆ మాటలో సంస్కారం ఉంది, కాదనను. కాని ఐదవ వారంలో అతడు నోరు విప్పి ఉంటే ఆ సహచరుడి కష్టమేమిటో అప్పుడే తెలిసేది. తల్లి జబ్బుతో ఆ కుర్రవాడు ప్రతి శుక్రవారం నాలుగు గంటలు కారు నడుపుకుని ఇంటికి వెళ్తున్నాడని మాకు ఏప్రిల్‌లో తెలిసింది. మొహమాటం అతనిని కాపాడలేదు, ఒంటరిని చేసింది.

ఎసిటోన్ వ్యవహారం తరువాత నేను నా జట్టులకు ఒక చిన్న నియమం పెట్టాను. అది మా ప్రయోగశాల నుంచి ఎత్తుకొచ్చినదే. పరిశోధనశాలలో రాతపుస్తకం ప్రతి పుట కింద రాసినవారు సంతకం చేస్తారు. పనిలో భాగంలేని మరొకరు చదివి, అర్థమైందని రాసి, తేదీ వేసి సంతకం చేస్తారు. 2013 మార్చి వరకు ఈ దేశంలో పేటెంటు మొదట కనిపెట్టినవారికే దక్కేది గనుక ఆ సాక్షి సంతకానికి ఎంతో విలువ ఉండేది. చట్టం మారి, మొదట దరఖాస్తు చేసినవారికి అన్న తరువాత ఆ విలువ తగ్గింది. అయినా నేను మానలేదు. మరొకరు చదువుతారని తెలిస్తే మనిషి తేటగా రాస్తాడు. విద్యార్థుల నివేదికలో ప్రతి భాగానికీ ఇప్పుడు రెండు పేర్లుంటాయి: చేసినవారు, సరిచూసినవారు. సమావేశంలో ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది రెండవ మనిషి. మొదటి నెల చాలా విసుక్కుంటారు. పని రెట్టింపయిందంటారు. నిజమే, కొంత పెరుగుతుంది.

మన స్వస్థలాలలో సంగతి కూడా ఒక్కమాట చెప్పుకోవాలి. ఆంధ్ర, తెలంగాణ కళాశాలల్లో కూడా బి.టెక్. ఆఖరి సంవత్సరపు ప్రాజెక్టు జట్టుగానే చేస్తారు. హైదరాబాదులో అమీర్‌పేట వీధుల్లో నడిచినవారికి సిద్ధంగా ఉన్న ప్రాజెక్టులు అమ్మే బోర్డులు కొత్త కాదు. కొనుక్కొచ్చిన దానిలో ఎసిటోన్ లెక్క సరిగానే ఉండవచ్చు. అక్కడ చదివి ఎమ్.ఎస్. కోసం ఇక్కడికి వచ్చిన పిల్లలలో కొందరికి, ఎదుటివాడి లెక్కను తప్పుపట్టటమూ, తన లెక్కను ఎదుటివాడు తప్పుపడితే నొచ్చుకోకపోవటమూ ఇక్కడే మొదటిసారిగా ఎదురవుతాయి. వారి తెలివికి లోటు లేదు. ఆ సాధన ఎవరూ చేయించలేదు, అంతే.

మిత్రుని భార్యకు నేను తరువాత ఫోనులో చెప్పినది ఇది. గ్రేడు సంగతి ఆ అధ్యాపకుడు చూసుకోవలసింది, చూసుకోలేదు, అది లోపమే. కాని వచ్చే ఏడాది మీ చిన్నవాడు ఆఖరి సంవత్సరంలోకి వస్తాడు. వాడిని మార్కులెన్ని అని కాక, మీ జట్టులో పక్కవాడు ఏం చేస్తున్నాడో చెప్పమని అడగండి. చెప్పలేకపోతే ఎక్కడో తేడా ఉన్నట్లే. ఆవిడ నవ్వి, "వాడి సంగతి సరే అన్నయ్యగారూ, దీనికి ఉద్యోగంలో ఎలా ఉంటుందో" అన్నారు.

అమ్మాయి ఆగస్టులో ఉద్యోగంలో చేరింది. మొదట ఇచ్చిన పని, మరొక ఇంజనీరు చేసిన లెక్కలను సరిచూడటం. ఒక ఆదివారం నాకు ఫోను చేసి, "అంకుల్, ఆయన ఇరవై ఏళ్ళ సీనియర్. పన్నెండో పేజీలో శాతం అని రాశారు గాని దేనిలో శాతమో రాయలేదు. అడిగితే ఏమైనా అనుకుంటారా?" అంది. సోమవారం పొద్దున్నే అడగమన్నాను.